గజం ధర వెనక లెక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్థలాలు, ఫ్లాట్ల ధరల మీదే. అడుగుతున్న ధర నిజమైనదేనా, కాకపోతే దాన్ని ఎవరు పెంచారు, ఎలా పెంచారు అన్నదే అందరి సందేహం. బయానా ఇచ్చేముందు కాగితం మీద వేసుకోదగ్గ లెక్కలతో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కొల్లూరు వైపు 40 అడుగుల రోడ్డు మీద అరెకరం ఉంది. నలుగురం స్నేహితులం కలిసి కొందామనుకుంటున్నాం. ఎకరం 30 కోట్ల లెక్కన అడుగుతున్నారు. "కోకాపేటలో ఎకరం 100 కోట్లు పలికింది, దాంతో చూస్తే మీకు మూడో వంతుకే వస్తోంది" అంటున్నారు. నిజంగా చవకేనా?
— పాఠకుడు, రామచంద్రాపురం

జవాబు: ముందు ఆ 100 కోట్ల సంగతి చూద్దాం. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) కోకాపేటలోని తన లేఅవుట్ నియోపోలిస్‌లో 45.33 ఎకరాలు వేలం వేసింది. ఒక ప్లాటుకు ఎకరం 100.75 కోట్లు పలికింది. పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చింది ఆ అంకే. ఆ రోజు అమ్ముడైన మొత్తం భూమి సగటు మాత్రం 73.23 కోట్లు. అంటే మీకు చెబుతున్నది సగటు ధర కాదు, అన్నిటికన్నా ఎక్కువ పలికిన ఒక్క ప్లాటు ధర.

ఇక అంత పెట్టి బిల్డర్ ఎందుకు కొన్నాడో చూడాలి. హైదరాబాద్‌లో ఎకరంలో ఇంతకు మించి కట్టకూడదనే ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే లెక్క) పరిమితి లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా కలిసి ఎత్తును నిర్ణయిస్తాయి. నియోపోలిస్‌లో రోడ్లు విశాలం కాబట్టి నలభై, యాభై అంతస్తులు లేపవచ్చు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. దానికి పదింతలు కడితే 4.35 లక్షల చదరపు అడుగులు వస్తాయి. 100.75 కోట్లను దాంతో భాగిస్తే ఒక్కో చదరపు అడుగు మీద పడే భూమి ఖర్చు దాదాపు 2,310 రూపాయలు.

మీ 40 అడుగుల రోడ్డు మీద మామూలుగా స్టిల్టు (స్తంభాల మీద నిలిచే పార్కింగు అంతస్తు) పైన అయిదు అంతస్తులు. ఖాళీలు వదిలాక స్థలానికి రెండున్నర రెట్లు కట్టగలిగితే గొప్ప. ఎకరానికి 1.09 లక్షల చదరపు అడుగులు. 30 కోట్లను దాంతో భాగించండి: 2,755 రూపాయలు. మూడో వంతు అని చెబుతున్న మీ భూమే కోకాపేట భూమి కంటే ఖరీదైనది. పైగా అక్కడి ఫ్లాటుకు వచ్చే అమ్మకం ధర మీ అయిదంతస్తుల ఇంటికి రాదు. ఏ భూమినైనా ఎకరం ధరతో పోల్చకండి, కట్టగలిగే చదరపు అడుగు మీద పడే ధరతో పోల్చండి.

వేలం ధరల గురించి ఇంకో మాట. వేలంలో పాడే కంపెనీకి అదే చుట్టుపక్కల ఇంకా భూములూ, అమ్ముడుపోని ఫ్లాట్లూ ఉండవచ్చు. అలాంటప్పుడు నాలుగెకరాలకు ఎక్కువ పెట్టినా, మిగతా ఆస్తుల ధర పెరిగి ఆ ఎక్కువ మొత్తం తిరిగి వచ్చేస్తుంది. మీకు ఆ వెసులుబాటు లేదు. అలాగే, దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే మేర) హద్దు ఎక్కడుందో ఇరిగేషన్ శాఖ మ్యాపులో చూడకుండా బయానా ఇవ్వకండి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. అరెకరంలో 30 మీటర్లు పోతే కట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ విషయంలో ఉపేక్ష లేదు.

ప్రశ్న: రీజనల్ రింగ్ రోడ్డు దగ్గర వెంచర్‌లో గజం 18,000 అంటున్నారు. అదే ఊళ్లో రైతుల దగ్గర ఎకరం 1.5 కోట్లు ఉంది. 200 గజాలు తీసుకోవాలనుకుంటున్నాను. ఇంత తేడా ఎందుకు?
— ఉపాధ్యాయురాలు, సిద్దిపేట

జవాబు: ఎకరం 4,840 గజాలు. లేఅవుట్ చేస్తే రోడ్లకు, పార్కుకు, ఇతర అవసరాలకు పోగా అమ్మకానికి మిగిలేది సుమారు 55 శాతం, అంటే 2,600 గజాల చిల్లర. 1.5 కోట్లను 2,600తో భాగిస్తే గజానికి భూమి ఖర్చు 5,770. వ్యవసాయేతర మార్పిడి, అనుమతుల ఫీజు, తారు రోడ్లు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు, నీళ్ల ట్యాంకు కలిపి గజానికి 2,000 వేసుకోండి. మొత్తం 7,770. స్థలంగా మీ చేతికి వచ్చే విలువ ఇంతే.

మిగతా 10,230 ఎటు పోతుంది? భూమి కొనడానికి కంపెనీ బయట రూపాయిన్నర వడ్డీకి తెచ్చిన డబ్బు మీద రెండేళ్లకు 36 శాతం, అంటే దాదాపు 2,080. ఏజెంట్ల కమీషన్ అమ్మకం ధరలో 20 శాతం అనుకుంటే 3,600. ఇలాంటి వెంచర్లలో ఏజెంటు కింద ఏజెంటుగా నాలుగైదు అంచెలుంటాయి, ఈ మొత్తాన్ని అందరూ పంచుకుంటారు. ప్రకటనలకు, సైట్ విజిట్ బస్సులకు, భోజనాలకు ఓ 550. మిగిలిన 4,000 కంపెనీ లాభం. వ్యాపారి లాభం తీసుకోవడం తప్పేం కాదు. కానీ రేపు మీరు అమ్మబోతే వడ్డీ, కమీషన్, బస్సు ఖర్చు ఏ కొనుగోలుదారూ మీకు తిరిగివ్వడు. వెంచర్‌లో పక్కనే కొత్త ఫేజ్ అమ్ముతున్నంత కాలం ఏజెంట్లు కమీషన్ ఎక్కువొచ్చే కొత్త ప్లాట్లే చూపిస్తారు, మీది చూపించరు.

ఈ లెక్కను మీ ఊరి అంకెలతో మళ్లీ వేయండి. ఆ తర్వాత ఈ మూడు పనులు చేయండి.

అదే కంపెనీ పాత ఫేజ్‌లో మూడేళ్ల కిందట అమ్మిన ప్లాటు ఒకటి మీ బంధువులదని, అమ్మిపెట్టమని ఏజెంటును అడిగించండి. అతను చెప్పే రేటే అసలు రేటు. కొనేవాళ్లకు చెప్పే ధరకూ అమ్మేవాళ్లకు చెప్పే ధరకూ మధ్య తేడాను మించి మార్కెట్ గురించి తెలిపేది మరొకటి లేదు.

రెండు, చుట్టుపక్కల సర్వే నంబర్లకు ఈసీ (ఆ స్థలాల మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. అందులో ప్రభుత్వ మార్కెట్ విలువ ఒకటి, దస్తావేజులో రాసుకున్న ప్రతిఫలం ఒకటి వేరువేరుగా ఉంటాయి. ప్రతిఫలం తక్కువ చేసి రాసుకోవడం మామూలే గనక ఆ అంకెను అసలు ధరగా నమ్మలేం. అయినా ఆ ఈసీలో ఒక సంగతి దాగదు: ఏడాదిలో ఎన్ని ప్లాట్లు కంపెనీ నుంచి జనానికి వెళ్లాయి, ఎన్ని జనం నుంచి జనానికి వెళ్లాయి. రెండో రకం అసలే కనబడకపోతే అక్కడ మార్కెట్ లేదు, కంపెనీ రేటు కార్డు మాత్రమే ఉంది. ఒకే ఇద్దరు ముగ్గురి మధ్య స్థలం తిరుగుతూ ప్రతిసారీ ధర పెరుగుతుంటే అది మీలాంటివాళ్లకు చూపించడానికి తయారుచేసిన పెరుగుదల.

మూడు, లేఅవుట్ అనుమతి తాత్కాలికమా, తుదిదా చూడండి. పనులు పూర్తి చేస్తారన్న హామీగా ప్లాట్లలో 15 శాతం అనుమతించిన సంస్థకు తనఖా ఉంటాయి. తుది అనుమతి వచ్చాకే అవి విడుదలవుతాయి. మీకు చూపిస్తున్న ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో ఉందేమో తప్పక సరిచూసుకోండి. రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) నంబరు, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితా, 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు ఎలాగూ చూడాల్సినవే.

రింగ్ రోడ్డు ప్రచారం గురించి కూడా చెప్పాలి. ఇలాంటి రోడ్డు మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కలేం, ఇంటర్‌చేంజ్ దగ్గరే ఎక్కాలి. రోడ్డు మీ ప్లాటుకు అర కిలోమీటరు, ఇంటర్‌చేంజ్ 12 కిలోమీటర్లు అయితే మీకు దక్కేది వాహనాల చప్పుడే. దూరం అడిగేటప్పుడు ఇంటర్‌చేంజ్ నుంచి ఎంతో అడగండి.

ప్రశ్న: నలభై అంతస్తుల టవర్లో 1,800 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు 7,500 చొప్పున 1.35 కోట్లు చెప్పారు. ఇంకా కడుతున్నారు. అదే పేటలో అలాంటి ఫ్లాటుకు 32,000 అద్దె వస్తోంది. పెట్టుబడిగా కొంటే లాభమా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: మీరు పెట్టేది 1.35 కోట్లు కాదు. కడుతున్న ఫ్లాటు కాబట్టి 5 శాతం జీఎస్టీ 6.75 లక్షలు. తెలంగాణలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ ఫీజులు కలిపి 7.5 శాతం, దాదాపు 10 లక్షలు. పార్కింగు, క్లబ్బు, కార్పస్ ఫండ్‌కు (భవనం నిర్వహణ నిధి) 5 లక్షలు వేసుకున్నా మొత్తం 1.57 కోట్లు. వచ్చే అద్దె ఏడాదికి 3.84 లక్షలు. ఒక నెల ఖాళీ, ఆస్తిపన్ను, మరమ్మతులు తీసేస్తే 3.1 లక్షల చిల్లర. పెట్టినదాని మీద 2 శాతం. కోటి రూపాయల అప్పు 8.5 శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు ఈఎంఐ 86,800. అద్దె అందులో సగానికి కూడా సరిపోదు.

మీ మొత్తం డబ్బుకు 8.5 శాతం ఖర్చు వేసుకుంటే ఏడాదికి 13.3 లక్షలు. అద్దె పోగా మిగిలిన 10.2 లక్షలు ధర పెరుగుదల నుంచే రావాలి. అంటే ఫ్లాటు ఏటా 7.5 శాతం పెరిగితేనే మీరు నష్టం లేకుండా నిలబడతారు. పదేళ్లలో రెట్టింపు అయిందని గొప్పగా చెప్పుకుంటారే, అది ఏటా 7.2 శాతమే.

పాతబడే కొద్దీ కట్టడం విలువ తగ్గుతుంది, పెరిగేది భూమి. మీకు వచ్చే భూమి వాటా ఎంతో సేల్ అగ్రిమెంటులో చూడండి. ఎకరంలో 4.35 లక్షల చదరపు అడుగులు కట్టిన చోట 1,800 అడుగుల ఫ్లాటుకు దక్కేది 20 గజాలు. పాత అయిదంతస్తుల అపార్టుమెంటులో అదే సైజు ఫ్లాటుకు ఇంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అందుకే పాత అపార్టుమెంట్లను పడగొట్టి కట్టడానికి బిల్డర్లు ముందుకొస్తారు. నలభై అంతస్తుల టవర్ను ఎవరు పడగొడతారు?

రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అడగండి. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ పోగా లోపలి అడ్డుగోడలతో కలిపి మిగిలే జాగా అది. 1,800లో అది 1,250 ఉంటే మీరు అడుగుకు ఇస్తున్నది 7,500 కాదు, 10,800. రెండు ప్రాజెక్టులను పోల్చడానికి పనికొచ్చే అంకె ఇదొక్కటే.

అమ్మకాలు మందగిస్తే బిల్డర్లు రేటు తగ్గించరు. తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు గొడవకొస్తారు. దానికి బదులు మాడ్యులర్ కిచెన్, ఉచిత రిజిస్ట్రేషన్, ఇల్లు చేతికిచ్చేదాకా ఈఎంఐ మేమే కడతాం అంటారు. ఈ ఉచితాల విలువ 8 లక్షలైతే అసలు ధర 1.27 కోట్లన్నమాట. ఉచితాలు వద్దు, ఆ మేరకు రేటు తగ్గించమనండి. ఒప్పుకుంటే స్టాంపు ఖర్చు, జీఎస్టీ కూడా తగ్గుతాయి. ఉండడానికి కొనేవాళ్లకు ఈ లెక్క ఇంత కఠినంగా అక్కర్లేదు. మీరు పెట్టుబడి అన్నారు కాబట్టి చెబుతున్నాం: ఈ ధరకు వద్దు.

ప్రశ్న: ఒక సంస్థ 100 గజాలు 20 లక్షలకు ఇచ్చి, నెలకు 40,000 చొప్పున రెండేళ్లు చెల్లించి, ఆ తర్వాత అదే ధరకు తిరిగి కొంటామని బాండు రాసిస్తోంది. నమ్మవచ్చా?
— రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

జవాబు: వద్దు. పక్క వెంచర్లలో గజం ధర కనుక్కోండి. అది 12,000 అయితే మీ ప్లాటు అసలు విలువ 12 లక్షలు. అదనంగా తీసుకున్న 8 లక్షలతోనే మీకు 20 నెలలు 40,000 చొప్పున ఇవ్వవచ్చు. మీ డబ్బే మీకు వడ్డీగా వస్తుంది. చివరి నాలుగు నెలల చెల్లింపూ, తిరిగి కొనాల్సిన 20 లక్షలూ కొత్తగా చేరేవాళ్ల నుంచి రావాలి. చేరేవాళ్లు తగ్గిన నెలలోనే చెల్లింపులు ఆగిపోతాయి. సంస్థ నిజంగా గట్టిదైతే బ్యాంకులో అప్పు తెచ్చుకోకుండా మీకు నూటికి రెండు రూపాయల వడ్డీ ఎందుకిస్తుంది?

అనుమతులు రాకముందే ప్రీలాంచ్ పేరుతో అమ్మేదీ ఇలాంటిదే. 500 చదరపు మీటర్లు మించినా, ఎనిమిది ఫ్లాట్లు మించినా రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటించడం, బుక్ చేసుకోవడం నిషిద్ధం. రిజిస్టర్ అయిన తర్వాత కూడా సేల్ అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారులు కట్టినదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. మొత్తం డబ్బు ముందే ఇస్తే సగం ధరకే అంటున్నారంటే ఈ రక్షణలన్నీ మీరు వదులుకుంటున్నట్టే. ఇప్పటికే కట్టి ఉంటే బాండు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకుని ఆర్థిక నేరాల విభాగం పోలీసుల దగ్గరికి వెళ్లండి. 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం, 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ఇలాంటి కేసుల కోసమే ఉన్నాయి. ఆలస్యం చేస్తే జప్తు చేయడానికి ఆస్తులు మిగలవు.

ప్రశ్న: ఇంటి ధరలో 40 శాతం నగదుగా ఇమ్మంటున్నాడు అమ్మేవాడు. అందరూ ఇలాగే చేస్తారంటున్నారు.
— పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నష్టం మీకే ఎక్కువ. బ్యాంకు అప్పు దస్తావేజులో రాసిన ధరకే వస్తుంది, 75 లక్షలు మించిన అప్పుకైతే అందులోనూ 75 శాతమే. రేపు మీరు పూర్తి చెక్కుతో అమ్మితే, దస్తావేజులో మీరు కొన్న ధర తక్కువగా ఉంటుంది కనుక రాని లాభానికి కూడా పన్ను కడతారు. ప్రభుత్వ విలువ కంటే 10 శాతానికి మించి తక్కువ రాస్తే ఆ తేడా మీ ఆదాయమవుతుంది. స్థిరాస్తి అమ్మకంలో 20,000, అంతకు మించిన నగదు పుచ్చుకుంటే అమ్మేవాడికి పుచ్చుకున్నంతా జరిమానాగా పడవచ్చు. ఒప్పందం చెడిపోతే ఆ నగదుకు కోర్టులో రుజువుండదు. 50 లక్షలు, అంతకు మించిన ఇంటికి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాడికి ఇచ్చే డబ్బులోంచి ముందే మినహాయించే పన్ను) మీరే పట్టుకుని కట్టాలన్నదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: అమరావతిలో రిటర్నబుల్ ప్లాటు (రాజధానికి భూమి ఇచ్చిన రైతుకు తిరిగి ఇచ్చే ప్లాటు) కొనడానికి ఇది మంచి సమయమేనా?
— పాఠకురాలు, తెనాలి

జవాబు: ప్రకటన మీద పెరిగిన ధర ప్రకటనతోనే పడుతుందని అమరావతి చూపించింది. 2015 అక్టోబరులో శంకుస్థాపనతో ధర ఎగసింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక కొనేవాళ్లే లేకుండా పోయారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ లేచింది. 2016లో అప్పు చేసి కొన్నవాళ్లు ఏళ్ల తరబడి వడ్డీ కడుతూ కూర్చున్నారు. రాసిపెట్టుకోవాల్సింది ఇదే: ఇక్కడ అప్పుతో కొనకండి.

రెండోది సరఫరా. భూసమీకరణలో రైతులు ఇచ్చింది 33,000 ఎకరాలకు పైనే. పట్టా మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబుకు (ఏటి ఒడ్డు సారవంతమైన భూమి) 1,000, 450 గజాలు తిరిగి ఇవ్వాలి. కలిపితే నాలుగు కోట్ల గజాలకు అటూఇటూ. అంత స్థలంలో ఇళ్లు కట్టుకుని ఉండే జనం రావడానికి ఉద్యోగాలు కావాలి, సమయం కావాలి. సచివాలయం, హైకోర్టు పరిసరాల్లో రోడ్డు, నీళ్లు, కరెంటు వచ్చిన ప్లాటుకూ, మ్యాపులో నంబరు మాత్రమే ఉన్న ప్లాటుకూ ఒకే రేటు చెబుతుంటే ఒప్పుకోకండి. ప్లాటు నేల మీద హద్దురాళ్లతో అప్పగించారో లేదో, రైతు పేరున రిజిస్టరైందో లేదో చూశాకే మాట్లాడండి. వాణిజ్య ప్లాటు జోలికి ఇప్పుడే వెళ్లవద్దు, జనం వచ్చాకే దుకాణం నడుస్తుంది.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. జహీరాబాద్ వైపు 10 గుంటల ఫామ్ ప్లాటు బావగారి పేరు మీద కొనమంటున్నారు. డాలర్లలో చూస్తే చవకగానే ఉంది.
— పాఠకుడు, డాలస్

జవాబు: ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లు) వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. మీ డబ్బుతో బావగారి పేరు మీద కొంటే బినామీ చట్టం కిందికి వస్తుంది. ఆస్తి జప్తు, ఒకటి నుంచి ఏడేళ్ల జైలు, విలువలో 25 శాతం దాకా జరిమానా ఉన్నాయి. ఈ ఇబ్బంది మీకే కాదు, బావగారికీ. పైగా ఫామ్ ప్లాటుకు లేఅవుట్ అనుమతి ఉండదు, ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు. లోపలి దారి ఎవరి పేరు మీద ఉందో కూడా తేలదు.

డాలర్ లెక్క ఇంకోలా ఉంటుంది. 2014లో డాలరు 61 రూపాయల దగ్గర, 2024లో 84 దగ్గర ఉంది. ఆ పదేళ్లలో ప్లాటు రూపాయల్లో రెట్టింపైనా డాలర్లలో 1.45 రెట్లే, ఏడాదికి 3.8 శాతం. తీరా అమ్మేటప్పుడు మీరు ప్రవాసి కాబట్టి కొనేవాడు 1 శాతం కాదు, దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, సర్‌చార్జి, సెస్ లెక్కన టీడీఎస్ పట్టుకోవాలి. తక్కువ రేటుకు పట్టుకునేలా ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం అమ్మకం ధర మీదే పట్టుకుంటారు.

కొనాలనే ఉంటే అనుమతి ఉన్న లేఅవుట్‌లో నివాస ప్లాటు మీ పేరు మీదే, ప్రవాసులకు బ్యాంకులు ఇచ్చే ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి చెల్లించి కొనండి. బావగారికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున అన్ని పనులూ చేసే అధికార పత్రం) ఇవ్వకండి. ఆ ఒక్క ప్లాటు నంబరు రాసి, కొనుగోలు పనికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. గడువు దాటితే జరిమానా పడుతుంది, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పని ఆగిపోతుంది.